యార్క్ వీధులు: కొన్ని సవరణలు

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన పర్యాటక వ్యాసం చదివించేలా ఉంది. ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే అందులోని మాటలు కొన్ని, ఆ ఊళ్లో టూరిస్టులకు తరతరాలుగా చెబుతున్న కథలే తప్ప నిజాలు కావు. వ్యాసం పట్టుకుని అక్కడికి వెళ్లినవాళ్లు చూడాల్సింది వదిలేసి తప్పు చోట చూస్తారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించాలి.

ముందు పేర్ల సంగతి. స్టోన్‌గేట్, మికిల్‌గేట్, కాపర్‌గేట్ అని ఊరి నిండా 'గేట్'లున్నా ఒక్క ద్వారమూ కనిపించదేమని వ్యాసకర్త ఆశ్చర్యపోయి, 'కాలక్రమంలో కూల్చేసి ఉంటారు' అని తేల్చేశారు. అక్కడ కూల్చడానికి ఏమీ లేదు. 866లో డేన్లు, అంటే డెన్మార్క్ వైపు నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగులు, యార్క్‌ను పట్టుకున్నారు. మధ్యలో చేతులు మారుతూ వచ్చినా, 954లో చివరి వైకింగ్ రాజును తరిమేసేదాకా ఊరు ఎక్కువగా వాళ్ల మాటలోనే నడిచింది. వాళ్ల నార్స్ భాషలో 'గాటా' అంటే వీధి. అదే నలిగి 'గేట్' అయింది. మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి, అంతే. అసలు కోట ద్వారాన్ని అక్కడ 'బార్' అంటారు: బూథమ్ బార్, మంక్ బార్, వామ్‌గేట్ బార్, మికిల్‌గేట్ బార్. మా ఊళ్లో వీధులు గేట్లు, గేట్లు బార్లు, బార్లేమో పబ్బులు అని అక్కడివాళ్ల పాత పరాచికం.

కాపర్‌గేట్‌ను 'రాగి పనివారి వీధి' అన్నారు. రాగికీ దీనికీ సంబంధం లేదు. నార్స్‌లో 'కొప్పారి' అంటే గిన్నెలు, కప్పులు చేసేవాడు, అదీ చెక్కతో. 1976 నుంచి 1981 వరకు ఆ వీధిలో తవ్వకాలు జరిగాయి. తరిమెన (లేత్) మీద చెక్కను తిప్పుతూ గిన్నె లోపలి భాగం తొలిచినప్పుడు మధ్యలో చిన్న మొద్దు మిగిలిపోతుంది. వడ్రంగి దాన్ని విరగ్గొట్టి పారేస్తాడు. అలా పారేసిన మొద్దులు ఆ తవ్వకాల్లో మట్టిలోంచి బయటపడ్డాయి. వీధి పేరుకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ శాసనమూ ఇవ్వలేదు.

అలాగని పేరు చివర 'గేట్' కనిపించగానే వైకింగుల కాలం అనుకోవడమూ ప్రమాదమే. మిన్‌స్టర్ చర్చి పక్కనున్న డీన్‌గేట్ 1903లో తెరిచిన రోడ్డు. పాత ఊళ్లో కొత్త వీధికి పాత తరహా పేరు పెట్టారు. వ్యాసంలో 'మధ్యయుగపు మాట' అని రాసిన 'స్నికిల్‌వే' ఇంకా కొత్తది. ఇరుకు సందులకు ఇంగ్లండ్ ఉత్తరాదిలో ఉన్న స్నికెట్, జిన్నెల్ అనే రెండు మాటలనూ అల్లీవే అనే మాటతో కలిపి 1983లో అల్లిన పదం అది. సందులు పాతవి, పేరుకు నలభై ఏళ్లు దాటాయి, అంతే. ఇక ఊళ్లోకెల్లా పొట్టి వీధి విప్‌మావాప్‌మాగేట్. నేరస్తులను కొరడాలతో కొట్టిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని వ్యాసంలో ఉంది. 1505 నాటి రాతలో దాని పేరు 'విట్‌నౌర్‌వాట్‌నౌర్‌గేట్'. అటూ ఇటూ కాని వీధి అన్న వెటకారం అందులో ఉంది. తర్వాతివాళ్లకు అర్థం తెలియక, చెవికి వినబడ్డ 'విప్' (ఇంగ్లిష్‌లో కొరడా) అనే ముక్కను పట్టుకుని కొరడా కథ కట్టారు.

యార్క్‌లో అన్నిటికన్నా పాతవి కట్టడాలు కావు, వాటి మధ్య నడిచే దారులు. క్రీ.శ. 71లో రోమన్ల తొమ్మిదో దళం అక్కడ ఎబొరాకమ్ అనే కోట కట్టింది. సుమారు 50 ఎకరాల దీర్ఘచతురస్రం, మధ్యలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి వీధులు. కోట పోయింది, వీధులు పోలేదు. ఇవాళ్టి స్టోన్‌గేట్ ఆ నిలువు వీధి మీదే ఉంది, పీటర్‌గేట్ ఆ అడ్డ వీధి మీద. బూథమ్ బార్ దగ్గర నిలబడితే దాదాపు రోమన్ల వాయవ్య ద్వారం ఉన్న చోట నిలబడ్డట్టే. అక్కణ్నుంచి పీటర్‌గేట్ వెంట నడిచి కింగ్స్ స్క్వేర్ చేరితే ఆగ్నేయ ద్వారం చోటుకు వచ్చినట్టు. ఆ కొసనుంచి ఈ కొసకు పది నిమిషాలు కూడా పట్టదు.

నడిచేటప్పుడు ఎడమ పక్కన మిన్‌స్టర్‌ను గమనించాలి. అంత పెద్ద చర్చి వీధికి సమాంతరంగా కాకుండా కోణంగా, ఎవరో తిప్పి పెట్టినట్టు కనిపిస్తుంది. అది కూర్చున్నది సరిగ్గా రోమన్ సేనాధిపతి కార్యాలయం ఉన్న చోటే. కానీ చర్చి తూర్పు ముఖంగా ఉండాలి కాబట్టి 1220 ప్రాంతంలో మొదలుపెట్టినవాళ్లు వీధి గీతను ఖాతరు చేయలేదు. 1472లో పని ముగిసేదాకా ఆ వంకర అలాగే సాగింది. వీధి ఒక లెక్క ప్రకారం నడుస్తుంది, చర్చి ఇంకో లెక్క ప్రకారం. ఫొటోలో ఇది తెలియదు, అక్కడ నడిస్తేనే తెలుస్తుంది.

గీత చెరిగిన చోట్లు కూడా చెప్పుకోవాలి. గుడ్‌రమ్‌గేట్ రోమన్ల చదరాన్ని లెక్కచేయకుండా ఏటవాలుగా కోసుకుపోతుంది. ఆ వీధి పడేనాటికి ఆ మూల రోమన్ కట్టడాలు ఎవరికీ అడ్డు కాలేదన్నమాట. మికిల్‌గేట్ కిందికి దిగుతూ ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపు అందం కోసం కాదు. రోమన్ల వంతెన ఊజ్ నది మీద స్టోన్‌గేట్‌కు ఎదురుగా ఉండేది. అది పోయాక కొత్త వంతెన దిగువన కట్టారు. జనం నడక అటు మళ్లింది, వీధీ మళ్లింది.

ఇప్పుడు షాంబుల్స్ అనే వీధి. '900 ఏళ్లనాటి ఇళ్లు' అని వ్యాసంలో ఉంది. ఇంగ్లండ్ భూములు, ఆస్తులు నమోదు చేసిన 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో అక్కడి మాంసం బల్లల ప్రస్తావన ఉన్న మాట నిజమే. అంటే 900 ఏళ్లు దాటినది అక్కడి వ్యాపారం. ఇళ్లలో బాగా పాతవి 14, 15 శతాబ్దాల ప్రాంతానివి, తర్వాతివి చాలా. 20వ శతాబ్దం నడుమ పెద్ద మరమ్మతులు జరిగి కొన్ని ముఖాలు మారాయి కూడా. పేరు పాత ఇంగ్లిష్‌లో బల్ల అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మాంసం పరిచిన ఆ వెడల్పాటి బల్లలు ఇప్పటికీ కొన్ని దుకాణాల కిటికీల కింద ఉన్నాయి, పైన ఇనప కొక్కేలూ ఉన్నాయి. 19వ శతాబ్దం చివరిదాకా రెండు డజన్లకు పైగా కసాయి దుకాణాలు నడిచిన వీధిలో ఇప్పుడు ఒక్కటీ లేదు. రెండు పక్కలా ఎత్తు చేసిన నడవల మధ్య పల్లంగా ఉన్న బాట ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, రక్తం, చెత్త కడిగేస్తే పారిపోవాలి కదా.

అదే వీధిలో కేథలిక్ పునీతురాలు మార్గరెట్ క్లిథరో గుడిగా చూపించే ఇంటి గురించి కూడా ఒక హెచ్చరిక. అప్పట్లో నిషేధంలో ఉన్న కేథలిక్ గురువులకు ఆశ్రయమిచ్చిన కేసులో విచారణకు ఒప్పుకోనందుకు 1586లో ఆమెను బరువుల కింద నొక్కి చంపారు. ఆమె కాపురమున్నది ఆ ఇంట్లోనే అని మీ వ్యాసం అంటుంది. తర్వాతి కాలంలో ఆ వీధి ఇంటి నంబర్లు మారాయి. ఆమె ఇల్లు ఎదురు వరసలోనిదని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం. పాత ఊళ్ల చరిత్రలో సర్వసాధారణంగా జరిగే పొరపాటు ఇదే. నంబరును నమ్ముకుంటే ఎదురింట్లో తేలతారు.

అన్నిటికన్నా గట్టిగా సవరించాల్సింది ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తుల మాట. 'నేల విస్తీర్ణాన్ని బట్టి పన్ను ఉండేది, దాన్ని ఎగ్గొట్టడానికి కింద చిన్నగా, పైన పెద్దగా కట్టారు' అని రాశారు. అలాంటి పన్ను అక్కడ లేదు. పొయ్యిల మీద పన్ను 1662లో వచ్చింది, కిటికీల మీద పన్ను 1696లో. రెండూ నేల కొలతతో పనిలేనివి, ఇలా కట్టడం మొదలైన మూడు శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చినవి. గుడ్‌రమ్‌గేట్‌లోని లేడీ రో అనే ఇళ్ల వరసకు అనుమతి పత్రం 1316 నాటిది. యార్క్‌లో మిగిలిన ఇళ్ల వరసల్లో అదే పాతది, ఇంగ్లండ్ మొత్తంలో ఇలా ముందుకు జరిపిన తొలి ఇళ్లలో ఒకటి. చర్చి ఆవరణ అంచున కట్టిన అద్దె ఇళ్లవి, ఒక్కో వాటాకు కింద ఒక గది, పైన ఒక గది. వచ్చిన అద్దె ప్రార్థనలు చేసే మతగురువు జీతానికి.

అసలు కారణం వడ్రంగంలో ఉంది. అంతస్తు నేలను మోసే దంతెలను (అడ్డ చెక్కలను) ఆ కాలంలో ఇప్పటిలా నిలువుగా కాక బల్లపరుపుగా పడుకోబెట్టేవారు. అలా పడుకున్న దంతె మధ్యలో బరువు పడితే కిందికి వంగుతుంది. దాని కొసను గోడ దాటించి అడుగో, అడుగున్నరో బయటికి తెచ్చి, ఆ కొస మీద పై అంతస్తు గోడ నిలబెడితే, కొస మీది బరువు మధ్యభాగాన్ని పైకి ఎత్తి పడుతుంది. గది ఊగడం తగ్గుతుంది. రెండో లాభం, నేల నుంచి చూరు దాకా ఒకే పొడుగు నిట్టాడి వెతుక్కోవాల్సిన పని లేదు, అంతస్తుకు అంతస్తు వేరు నిట్టాళ్లు సరిపోతాయి. పైగా కింది గోడ వానకు తడవదు, పైన గది కాస్త పెద్దదవుతుంది. మూల ఇంటికి రెండు వైపులా ముందుకు జరపాలంటే మాత్రం ఒక చిక్కు, దంతెలు రెండు దిక్కులకూ వెళ్లాలి. అందుకు మూలకు ఐమూలగా ఒక లావాటి దూలం వేసి, రెండు వైపుల దంతెలనూ దానికే తొడుగుతారు. వీధి మూలన నిలబడి పైకి చూస్తే, కొసన చెక్కిన నిట్టాడి మీద ఆ దూలం తల కనిపిస్తుంది.

చట్రం మొత్తం ముందు పని ఆవరణలో నేల మీద పరిచి బిగించి, ప్రతి అతుకు దగ్గరా ఉలితో గుర్తులు గీసి, విప్పి, వీధికి తెచ్చి మళ్లీ నిలబెట్టేవారు. ఆ గుర్తులు రోమన్ అంకెల్లా ఉంటాయి, నాలుగుకు నాలుగు గీతలు. వాటిని చూసి రోమన్ల కట్టడం అనుకున్నవాళ్లూ లేకపోలేదు. వాడింది పచ్చి ఓక్ చెక్క. ఎండిపోయేకొద్దీ మెలి తిరుగుతుంది. ఇళ్లు వంకరగా ఉండడానికి కారణం అదే కాని, కట్టినవాళ్ల చేతగానితనం కాదు. చట్రం గడుల్లో ఓక్ బద్దలు నిలబెట్టి, హేజెల్ కొమ్మలతో తడిక అల్లి, బంకమట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపి రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూసేవారు.

'నలుపు తెలుపుల మధ్యయుగ సౌందర్యం' అన్న వర్ణన కూడా సరికాదు. చెక్కకు నల్లరంగు కొట్టడం ఎక్కువగా విక్టోరియా కాలపు మోజు. అంతకుముందు ఓక్‌ను దాని మానాన వదిలేస్తే వెండి బూడిద రంగుకు తిరిగేది, లేదా చెక్కా గోడా తేడా లేకుండా అంతటా సున్నం కొట్టేవారు. రంగు పోనీయండి, ప్రాణం తీసేది సిమెంటు. పాత గోడ తడి పీల్చుకుంటుంది, ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే లోపలికి వెళ్లిన నీరు బయటికి రాలేక చెక్క పక్కనే నిలిచిపోతుంది. ఓక్ మెత్తబడుతుంది, చెక్కను తొలిచే డెత్‌వాచ్ పురుగు చేరుతుంది. బయటికి గోడ దిట్టంగానే కనిపిస్తుంది, లోపల నిట్టాడి అడుగు పొడి అయిపోతుంది. టాడ్‌కాస్టర్ వైపు గనుల మెగ్నీషియం సున్నపురాయితో కట్టిన గోడలకూ ఇదే గతి. రాళ్ల మధ్య సందులను సిమెంటుతో పూడిస్తే నీరు సందులోంచి కాక రాతి ముఖంలోంచే ఆరాలి, ఉప్పులు అక్కడే పేరుకుని రాయి పొరలుగా రాలుతుంది. సరైన పద్ధతి, సందు వెడల్పుకు రెండింతల లోతు వరకు పాతది చేత్తో గీకి, ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ల గరుకు ఇసుకతో నింపి, గోనె కప్పి కొన్నాళ్లు తడి ఆరనీయకుండా చూడడం. 5 డిగ్రీల లోపు చలిలో ఈ పని పెట్టుకోకూడదు, పట్టు రాకముందే గడ్డకట్టి రాలిపోతుంది.

'పద్దెనిమిదో శతాబ్దపు ఇటుక ఇళ్లు' అని వ్యాసకర్త తేలిగ్గా దాటేసిన ఇళ్లలోనే అసలు మజా ఉంది. అప్పటి ఫ్యాషన్‌కు తగ్గట్టు పాత చెక్క ఇంటికి ముందు ఇటుక ముఖం తగిలించినవి వాటిలో చాలా ఉన్నాయి. కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఎదురుగా కాక పక్క సందులోకి వెళ్లి చూడాలి. ఇటుక ముఖం ఎంత మందమో, దాని వెనక ఏముందో అక్కడ తెలుస్తుంది. ముఖం పైన పిట్టగోడ, దాని వెనక బాగా నిటారు కప్పు ఉంటే అనుమానించాలి. గదుల ఎత్తు తక్కువగా ఉండి కిటికీలు నేలకు మరీ దగ్గరగా పడ్డా అనుమానించాలి.

పూడ్చిన కిటికీలన్నీ పన్ను తప్పించుకోవడానికే అనేది ఇంకో కథ. కిటికీ పన్ను 1851 దాకా ఉంది, కొందరు పూడ్చారు కూడా. కానీ చాలావాటిని ముఖం సమంగా కనిపించడానికి మొదటి నుంచీ ఉత్త గూళ్లుగానే కట్టారు, వెనక పొగగొట్టమో అడ్డగోడో ఉంటుంది. ఇటుకల్ని దగ్గర నుంచి చూస్తే తేలిపోతుంది. గూడులోని ఇటుకలు చుట్టూ గోడతో పళ్లు కలిసినట్టు అల్లుకుని ఉంటే పుట్టుకతోనే గుడ్డి కిటికీ. అంచున నిలువుగా ఒకే గీత దిగి, ఇటుక రంగు మారితే తర్వాత మూసినది.

కట్టిన ఏడు తెలియాలంటే చెక్కను అడగాలి. దూలంలోంచి సన్నని కడ్డీలా నమూనా తీసి వయసు వలయాలు లెక్కిస్తారు. కనీసం 50 వలయాలైనా లేకపోతే నమ్మకం తక్కువ. బెరడు అంచు దాకా తెల్లచెక్క మిగిలి ఉంటే చెట్టు నరికిన సంవత్సరమే చెప్పవచ్చు. పచ్చి చెక్కే వాడేవారు కాబట్టి ఇల్లు కూడా ఆ ఏడో మరుసటి ఏడో లేచి ఉంటుంది. చేవ మాత్రమే మిగిలితే 'ఫలానా ఏడు తర్వాత' అనడం తప్ప చేయగలిగింది లేదు. దేనికీ తగలని ఖాళీ బెజ్జాలు దూలానికి కనిపిస్తే అది వేరే ఇంటి నుంచి వచ్చిన చెక్క. దాని వయసు ఈ ఇంటి వయసు కాదు.

చూసిరావాలనుకునే మీ పాఠకులు ముందుగా ఇంట్లో కూర్చునే బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1852 నాటి యార్క్ పటం చూడడం మంచిది. మైలుకు ఐదు అడుగుల కొలతతో గీసింది, సందుసందూ పెరడుపెరడూ కనిపిస్తుంది, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితం. పటాలు గీసిన జాన్ స్పీడ్ 1610 ప్రాంతపు పటం అందంగా ఉంటుంది కాని అందులో బొమ్మలుగా వేసిన ఇళ్లను నమ్మకూడదు, వీధుల కోసం మాత్రమే చూడాలి. జనాభా లెక్కల పుస్తకాల్లోనూ జాగ్రత్త. లెక్కలు రాసినవాడు నడిచిన వరసే తప్ప నంబర్ల వరస ఉండదు.

'వెయ్యేళ్లుగా తన వారసత్వాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్న నగరం' అన్న ముక్తాయింపు మాత్రం మింగుడుపడలేదు. 1800లో నగర కార్పొరేషనే కోట గోడలు కూల్చడానికి పార్లమెంటు అనుమతి కోరింది. సుమారు 3.4 కిలోమీటర్ల గోడ ఇవాళ మిగిలిందంటే ఎదురు తిరిగినవాళ్ల పుణ్యమే, వాళ్లలో చిత్రకారుడు విలియం ఎటీ ముందువరసలో ఉన్నారు. అయినా మూడు బార్ల ముందున్న బార్బికన్లు, అంటే ద్వారానికి ముందు కాపుగా కట్టిన గోడల ఆవరణలు, 1820, 30లలో పోయాయి. వామ్‌గేట్ బార్‌కు మాత్రమే మిగిలింది, ఇంగ్లండ్‌లో పట్టణ ద్వారం ముందు నిలిచిన బార్బికన్ అదొక్కటే. పాత ఇళ్ల మధ్యలోంచి వెడల్పుగా కోసిన పార్లమెంట్ స్ట్రీట్ 1830లది. 1841లో కోట గోడల లోపల తెరిచిన రైల్వే స్టేషన్‌కు పట్టాలు వేయడానికి కోట గోడకే కమాను కొట్టారు. 1942 ఏప్రిల్ 29 నాటి జర్మన్ బాంబు దాడిలో పాత నగర సభాభవనం గిల్డ్‌హాల్ కాలిపోయింది. ఇప్పుడు చూసేది 1960లో మళ్లీ తెరిచిన కట్టడం.

కాపాడడం నిజంగా పట్టాలెక్కింది 1968 తర్వాతే, వాస్తుశిల్పి లార్డ్ ఎషర్ ఆ ఊరి సంరక్షణపై చేసిన అధ్యయనంతో. వీధుల కింద ఉన్నదాని గురించి ఆలోచన ఇంకా ఆలస్యం. కాపర్‌గేట్‌లో దాదాపు తొమ్మిది మీటర్ల లోతు పొరలున్నాయి. తడిగా, గాలి చొరకుండా ఉండబట్టే వెయ్యేళ్ల చెక్క గిన్నె, తోలు చెప్పు కుళ్లకుండా దొరికాయి. పక్కన పునాది తవ్వి నీటిమట్టం దించితే ఆ పొరలు ఆరి, గాలి చొరబడి, ఎవరూ తవ్వకుండానే మట్టిలో మట్టయిపోతాయి. అందుకే 1991 అధ్యయనం తర్వాత, కొత్త కట్టడం తన స్థలం కింది పొరల్లో 5 శాతానికి మించి పాడుచేయకూడదన్న పద్ధతి వచ్చింది. పునాది స్తంభాలు తక్కువగా, దూరంగా వేయాలి. నగరం నడిబొడ్డున నేల తవ్వబోయేవాళ్లు పురాతన కట్టడాల 1979 చట్టం ప్రకారం ఆరు వారాల ముందు నోటీసివ్వాలి.

చివరగా ఫొటో. రెండో పేజీలో పెద్దగా వేసి కింద 'షాంబుల్స్' అని రాశారు. అందులో ఇళ్లు రెండంతస్తులవే, పై అంతస్తు ఒక్కటే ముందుకు వచ్చింది, గోడలు తెల్లగా పూసి ఉన్నాయి, ఇళ్ల మధ్య నుంచి చర్చి ఆవరణలోకి కమాను దారి కనిపిస్తోంది. అది లేడీ రో. వచ్చే సంచికలో శీర్షిక సవరిస్తారని ఆశిస్తూ,

భవదీయుడు,
ఒక పాఠకుడు